పాలీహౌస్ కన్నా ముందు నారు ట్రేలు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. పదేళ్లుగా కూడబెట్టిన సొమ్ము కొంత ఉంది. నాలుగెకరాల పొలం, అందులో ఒక బోరు ఉన్నాయి. ఇన్నాళ్లూ కౌలుకిచ్చాం. అరెకరంలో పాలీహౌస్ (ప్లాస్టిక్ ఫిల్మ్ కప్పిన సాగు షెడ్డు) కట్టిస్తాం, పండిన కీరా, క్యాప్సికం మేమే కొంటాం అని ఒక సంస్థ వెంటపడుతోంది. తమ్ముడేమో వ్యవసాయ డిగ్రీలో చేరతానంటున్నాడు. వాడి చదువు అయ్యేదాకా నాలుగేళ్లు ఆగాలా, లేక నేనే ఏదైనా కోర్సు చేసి దిగిపోవచ్చా? ఈ డబ్బు వ్యవసాయంలో ఎక్కడ పెడితే మంచిది?

జవాబు: నాలుగేళ్లు ఆగక్కర్లేదు. అలాగని పాలీహౌస్ కాగితాల మీద ఇప్పుడే సంతకం కూడా పెట్టకండి.

ఏం చదవాలి, ఎక్కడ పెట్టాలి అని మీరు రెండు ప్రశ్నలు అడిగారు. సాగులోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఆ రెండింటినీ కలిపి చూడటమే మేలు. ఏ పెట్టుబడి గురించైనా ఈ రెండు సంగతులు ఆరా తీయండి: ఇందులో నేను తప్పు చేస్తే ఎన్నాళ్లకు తెలుస్తుంది? తెలిసేసరికి ఎంత సొమ్ము మునిగి ఉంటుంది? మామిడి అంటును సరిపడని నేలలో నాటితే ఆ సంగతి నాలుగైదేళ్లకు గాని బయటపడదు. కూరగాయల సాగులో తప్పు నాలుగు నెలల్లో తేలుతుంది. నారు పెంచే ట్రేలో అయితే పది రోజులు చాలు. తప్పు తొందరగా, తక్కువ ఖర్చుతో తెలిసేచోట ముందు పెట్టండి. అక్కడ చేయి తిరిగాకే ఆలస్యంగా తెలిసేవాటి జోలికి వెళ్లండి. మీకు ఇచ్చే సలహా అంతా ఈ వరస మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు బోరును కొలవండి

మీ బోరు ఎన్ని ఎకరాలు తడపగలదో తెలియకుండా ఏ పథకం వేసినా గాలిలో మేడే. ఏడాదిలో నీళ్లు బాగా అడుగంటే నెల చూసుకోండి. మోటారును ఆరు గంటలు ఆపకుండా నడిపి, ఆఖరి గంటలో 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో మూడుసార్లు కొలిచి సగటు తీయండి. మోటారు వేసిన మొదటి పది నిమిషాల ధారను లెక్కలోకి తీసుకోకండి. అది రాత్రంతా గొట్టంలోనూ చుట్టూ రాతి పగుళ్లలోనూ ఊరి నిలిచిన నీరు. బోరు అసలు బలం ఆ నిల్వ అయిపోయాకే కనిపిస్తుంది.

డ్రమ్ము 100 సెకన్లలో నిండిందనుకుందాం. సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200 లీటర్లు. రోజుకు 6 గంటలు నడిపితే 43,200 లీటర్లు వస్తాయి. ఇక పంట దాహం. ఎండలు ముదిరిన నెలలో, పొట్టి గడ్డి కప్పిన నేల నుంచి రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరైపోయే చోట, నిండు కాపు మీదున్న టమాటాకు అందుకు 1.15 రెట్లు, అంటే 6.9 మిల్లీమీటర్లు కావాలి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే 4,047 లీటర్లు. ఆ లెక్కన ఎకరానికి రోజుకు సుమారు 27,900 లీటర్లు. డ్రిప్‌లో నూటికి 90 పాళ్లు వేళ్లకు చేరతాయనుకుంటే బోరు నుంచి 31,000 లీటర్లు తోడాలి. కాలువల్లో పారిస్తే చేరేది 60 పాళ్లే, కాబట్టి 46,500 తోడాలి. అంటే ఈ బోరు డ్రిప్ మీద ఎకరం పైచిలుకు పండిస్తుంది, కాలువ పారకంలో ఎకరం కూడా తడపలేదు. నాలుగెకరాలున్నాయి కదా అని నాలుగెకరాలకూ మొక్కలు తెచ్చి నాటినవాళ్లు ఎండాకాలంలో సగం తోటను వదిలేసుకునేది ఈ లెక్క వేయకనే.

నీళ్లు ఎన్ని ఉన్నాయో తెలిసింది కదా, ఎలాంటివో కూడా చూడాలి. ఆరు గంటలు నడిచాక పట్టిన నీటిని, అదే నీటితో రెండు మూడుసార్లు కడిగిన సీసాలో నింపి ప్రయోగశాలకు పంపండి. నివేదికలో ముందు చూడాల్సింది ఈసీ, అంటే నీటిలో కరిగిన ఉప్పుల కొలత. అది మీటరుకు 0.7 డెసీసీమెన్స్ లోపు ఉంటే ఏ పంటకైనా ఇబ్బంది లేదు. 3 దాటితే చాలా పంటలకు కష్టం. ఈ రెండింటి మధ్య పంటను బట్టి ఉంటుంది. టమాటా 1.7 దాకా దిగుబడి తగ్గకుండా ఓర్చుకుంటుంది. క్యాప్సికం మాత్రం 1 దాటగానే తగ్గడం మొదలుపెడుతుంది. మీ వెంటపడుతున్న సంస్థ పెట్టమంటున్న వాటిలో క్యాప్సికం ఉంది కాబట్టి ఈ ఒక్క అంకె వాళ్ల ప్రతిపాదన తలరాతను మార్చేయొచ్చు. తర్వాత ఇనుము. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే డ్రిప్పర్లు ఎర్రటి జిగురుతో పూడుకుపోతాయి. ఆ నీటిని తొట్టిలోకి పైనుంచి జల్లులా పడేసి, గాలి తగలనిచ్చి, ఇనుము అడుగుకు చేరాకే పైపుల్లోకి పంపాలి. బైకార్బనేట్లు ఎక్కువగా ఉంటే డ్రిప్పర్లలో తెల్లటి పెళుసు పొర పేరుకుంటుంది, అప్పుడప్పుడూ ఆమ్లంతో కడగాల్సి వస్తుంది.

మట్టి పరీక్ష చాలామంది చేయిస్తారు గాని నమూనా తీయడంలోనే చెడగొడతారు. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట పోసిన చోట తీయకూడదు. పొలంలో అడ్డదిడ్డంగా నడుస్తూ 10–15 చోట్ల, 15 సెంటీమీటర్ల లోతున ‘వి’ ఆకారంలో గుంట తవ్వి, అంచు వెంట పైనుంచి కిందిదాకా ఒకే మందంతో పలుచటి పొర తీయండి. అన్నీ కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అర కిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టి పంపండి. జింకు పూత ఉన్న పార, బకెట్ వాడితే జింకు ఫలితం తప్పు వస్తుంది. పండ్ల తోట ఆలోచన ఉంటే ఇది చాలదు. మీటరు లోతు గుంట తవ్వి, ప్రతి 30 సెంటీమీటర్లకు వేరే నమూనా తీయాలి. ఆ గుంటలోకి దిగి గోడలను చాకుతో గీరి చూడండి. అడుగున గట్టి చట్టు తగిలినా, సున్నపు గులకలు కనిపించినా ప్రయోగశాల నివేదిక రాకముందే మీకు సగం జవాబు దొరికినట్టు.

ఏ చదువు దేనికి పనికొస్తుంది

మీ తమ్ముడిని డిగ్రీలో చేరనివ్వండి, చదువు కోసం. పొలం నడిపే బాధ్యతను మాత్రం అతని చదువుకు ముడిపెట్టకండి. మొక్కల ప్రజననం, నేల రసాయనం, కీటకశాస్త్రం, తెగుళ్లు, ఆర్థికశాస్త్రం ఇవన్నీ నాలుగేళ్లలో పరిచయం చేసే చదువది. దాంతో విత్తన సంస్థలు, ప్రయోగశాలలు, పంట రుణాలిచ్చే బ్యాంకులు, బీమా, ఆహార శుద్ధి, పరిశోధన ఇలా చాలా దారులు తెరుచుకుంటాయి. కాలేజీ ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగమనండి: విత్తడం నుంచి అమ్మకం దాకా, జమాఖర్చులతో సహా, ఒక పంటను విద్యార్థి సొంతంగా చూసుకునే ఏర్పాటు ఉందా? ఉంటే అది మంచి గుర్తు.

మీకు కావాల్సింది వేరు. వారం రోజుల శిక్షణల్లో ధ్రువపత్రం వస్తుంది, నాలుగు కొత్త మాటలు వస్తాయి. ఆ వారంలో మొక్క ఒక్క దశలోనే ఉంటుంది కాబట్టి పంట నడక తెలియదు. ఒక సీజన్ పొడుగునా వారానికొకసారి పొలంలోనే నడిచే బడి దొరికితే దానికి మించింది లేదు. రైతు క్షేత్ర పాఠశాల అనే ఈ పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1989లో ఇండోనేసియాలో వరితో మొదలుపెట్టింది. అక్కడ పురుగుమందుల వల్ల సాలీళ్లూ ఇతర మిత్రపురుగులూ చచ్చిపోయి సుడిదోమ విజృంభించింది. 1986లోనే ఆ దేశం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మందు మానేయమంటే సరిపోదు, ఎప్పుడు అవసరమో రైతు తనే తేల్చుకోగలగాలి. అందుకని పాతిక మంది రైతులు వారం వారం పొలంలో కూర్చుని మొక్కలు లెక్కపెట్టి, పురుగులు లెక్కపెట్టి, బొమ్మ గీసి, ఆ వారం ఏం చేయాలో వాళ్లే నిర్ణయించుకునేవారు. మీ దగ్గర్లో అలాంటిది లేకపోతే, మంచి రైతు పొలానికి వారానికొక పూట చొప్పున పదహారు వారాలు వెళ్లండి. ఊరికే చూడటానికి కాదు, కోతలోనూ గ్రేడింగులోనూ చేయి కలపడానికి వెళ్లండి.

ఏ కోర్సు చేసినా, చివరికి ఈ మూడు పనులు మీ చేతులతో చేయగలరో లేదో చూసుకోండి.

మొదటిది ఎరువు లెక్క. సిఫార్సు ఎకరానికి 50 కిలోల నత్రజని అని ఉంటే యూరియా ఎంత? యూరియాలో నత్రజని 46 శాతం, కాబట్టి 109 కిలోలు. 50 కిలోల యూరియా చల్లి సిఫార్సు పాటించామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు వేసింది 23 కిలోల నత్రజనే.

రెండోది మందు యంత్రం కొలత. ట్యాంకులో ఉత్త నీళ్లు పోసి, మీ మామూలు నడకతో 100 చదరపు మీటర్లు పిచికారీ చేసి, మళ్లీ నింపడానికి ఎంత పట్టిందో చూడండి. 5 లీటర్లు పడితే ఎకరానికి 200 లీటర్లు. ఈ అంకె మనిషి మనిషికీ, నాజిల్ నాజిల్‌కీ మారుతుంది. దీన్ని కొలవకుండా ట్యాంకుకింత మందు అని కలిపితే ఒకరు తక్కువ, ఒకరు ఎక్కువ కొడతారు.

మూడోది డ్రిప్ సమానత్వం. నాలుగు లేటరల్ పైపులు (మొక్కల వరసల వెంట పరిచే సన్న పైపులు) ఎంచుకుని, ఒక్కోదాని మీద మొదట, మూడో వంతు దగ్గర, మూడింట రెండొంతుల దగ్గర, చివర గిన్నెలు పెట్టండి. మొత్తం 16. మూడు నిమిషాలు నీళ్లు పట్టి కొలవండి. గంటకు 2 లీటర్ల డ్రిప్పర్ అయితే గిన్నెకు 100 మిల్లీలీటర్లు రావాలి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన నాలుగింటి సగటును మొత్తం సగటుతో భాగించండి. 0.9 వస్తే భేష్. 0.8 కన్నా తగ్గితే ఫిల్టరు, పీడనం, పూడిక చూసుకోవాలి. డ్రిప్‌లో ఎరువు కూడా నీళ్లతోనే వెళ్తుంది కాబట్టి నీళ్లు అందని మొక్కకు తిండి కూడా అందదు. పొలంలో ఒక మూల ఎప్పుడూ పసుపుగా ఉండటానికి కారణం చాలాసార్లు తెగులు కాదు, ఇదే.

మొదటి పెట్టుబడి: నారు

ఇప్పుడు డబ్బు సంగతి. మొదటి ఏడాదిన్నరలో మీ పొదుపులో పదో వంతు దాటకండి. అందులో సగంతో చిన్న షేడ్‌నెట్ నర్సరీ పెట్టమని మా సలహా. కారణం మొదట చెప్పిందే. టమాటా నారు 25 రోజుల్లో, క్యాప్సికం 35–40 రోజుల్లో చేతికొస్తుంది. ఏడాదికి ఎనిమిది పది విడతలు తిప్పొచ్చు. పొలంలో పదేళ్లు పట్టే పాఠాల్లో కొన్ని ఇక్కడ ఏడాదిలో అబ్బుతాయి. మీ ఉత్పత్తిని కొనేది రైతులే కాబట్టి చుట్టుపక్కల ఎవరు ఏం వేస్తున్నారో, ఎప్పుడు వేస్తున్నారో అందరికన్నా ముందు మీకే తెలుస్తుంది. తర్వాత ఏ పంట వేయాలో తేల్చుకునేటప్పుడు ఆ సమాచారం విలువ మీకు అర్థమవుతుంది.

వంద ట్రేలతో మొదలుపెట్టండి. 98 గుంటల ట్రే తీసుకుంటే 9,800 మొక్కలు. ట్రేలకు పట్టే చోటు 15 చదరపు మీటర్లే. నడిచే దారితో కలిపి 25–30 చాలు. పైన 50 శాతం నీడ వల, చుట్టూ 40–50 మెష్ (అంగుళానికి 40–50 కన్నాలుండే) పురుగు వల, రెండు తలుపుల గది. రెండో తలుపు తెరిచే ముందు మొదటిది మూయాలి. తెల్లదోమ ఒక్కటి లోపలికొచ్చి వైరస్ అంటిస్తే ఆ జబ్బు మీ దగ్గర కనిపించదు, కొన్న రైతు పొలంలో మూడు వారాల తర్వాత కనిపిస్తుంది. నర్సరీ పేరు పోయేది అక్కడే. కొబ్బరి పొట్టు కొనేటప్పుడు కడిగి ఉప్పు తీసిందే తీసుకోండి. పిడికెడు తడి పొట్టు గట్టిగా పిండితే వేళ్ల సందున చుక్కలు రాలాలి, ధార కట్టకూడదు. ఆ తేమలో నింపి, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతున గింజ వేసి, ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పాలిథిన్ కప్పండి. టమాటా అయితే మూడో రోజు నుంచి రోజుకు రెండుసార్లు తీసి చూడాలి. మొలక తల ఎత్తగానే వెలుతురులో పరచాలి. ఒక్క రోజు ఆలస్యమైనా కాడలు పాలిపోయి దారాల్లా సాగుతాయి, ఆ మొక్క ఇక నిలబడదు.

కొత్తవాళ్ల ట్రేల్లో ఎక్కువ నష్టం నారుకుళ్లుతో వస్తుంది. కాడ మొదట్లో మెత్తబడి మొక్క పడిపోతుంది. దానికి మందు వెతికే ముందు నీళ్లు చూడండి. సాయంత్రం పోసిన నీళ్లు రాత్రంతా నిలిచి ఉంటే శిలీంద్రానికి అదే పండగ. పొద్దున పోసి, మధ్యాహ్నం ఎండకు వాడితే తేలిగ్గా చల్లి, సాయంత్రానికి పైపొర ఆరేలా చూసుకోవాలి. అమ్మే వారం ముందు నీళ్లు తగ్గించి, నీడ వల తీసి, ఎండకు అలవాటు చేయాలి. ముదిరిన నారు ఎవరూ కొనరు, కాబట్టి కొంత బయానా పుచ్చుకుని ఆర్డరు మీదే పెంచండి. పెట్టిన గింజల్లో నూటికి 85–90 అమ్మకానికి పనికొస్తే మీ పని బాగున్నట్టు. అంతకన్నా తగ్గిన ప్రతి విడతకూ కారణం రాసిపెట్టుకోండి. గింజే మొలవలేదా, మొలిచి చచ్చిందా, బతికి గిడసబారిందా అని విడిగా రాయాలి. ఈ మూడూ మూడు వేర్వేరు తప్పులు. గింజ మీద అనుమానం ఉంటే తడి కాగితంలో వంద గింజలు చుట్టి మొలకెత్తించి చూడండి.

మీరు ఉద్యోగం మానొద్దు. అయితే ట్రేల దగ్గర రోజూ పొద్దునా మధ్యాహ్నం ఒక నమ్మకమైన మనిషి ఉండి తీరాలి. ఆ మనిషి ఎవరో తేలకుండా ఒక్క ట్రే కూడా కొనకండి.

మిగతా సగంతో, మీ నారుతోనే, పావు ఎకరంలో ఒక పంట వేయండి. వెయ్యి చదరపు మీటర్లలో వరసల మధ్య 1.2 మీటర్లు, మొక్కల మధ్య 45 సెంటీమీటర్లు పెడితే సుమారు 1,850 టమాటా మొక్కలు పడతాయి. దిగుబడి ఎంతొచ్చిందన్నది ఈ పంటలో రెండో విషయం. పుస్తకంలో రోజూ మూడు రాయాలి: ఏ పనికి ఎన్ని మనిషి-గంటలు పట్టాయి, కోసిన దాంట్లో మొదటి రకం ఎంత, రెండో రకం ఎంత, పారేసింది ఎంత, ఆ రోజు ధర ఎంత. కొత్త ఎరువో, జీవామృతమో, ఎవరో అమ్మిన టానిక్కో వాడాలనిపిస్తే కనీసం మూడు చోట్ల ఒక్కో వరసను అది వేయకుండా వదిలేయండి. పోలిక లేనిదే ఏది పనిచేసిందో తెలియదు. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగంలో ఏ ఎరువూ వేయని మడిని ఇప్పటికీ అలాగే కొనసాగిస్తున్నారు. మిగతా మడుల ఫలితాలకు విలువ వచ్చింది దాని పక్కన పెట్టి చూడబట్టే.

పాలీహౌస్ మాట

పాలీహౌస్ చెడ్డది కాదు. నీళ్లు తక్కువ తాగుతుంది, వానా గాలీ ఆపుతుంది, పంట నాణ్యత నిలబడుతుంది. దాని పైకప్పు మీద పడే వాన కూడా ఆస్తే. అరెకరం అంటే సుమారు 2,000 చదరపు మీటర్లు, ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన పడే చోట నూటికి 80 పాళ్లు పట్టుకున్నా 8 లక్షల లీటర్ల ఉప్పు లేని నీళ్లు. బోరు నీటిలో ఉప్పు ఎక్కువైతే ఆ వాన నీళ్లు కలిపి క్యాప్సికం పండించొచ్చు. సంస్థ ఇచ్చిన నమూనాలో వాన నీటి చెరువు ఉందో లేదో చూడండి.

దెబ్బతీసేవి మూడు. వేడి మొదటిది. ఫ్యాన్లు లేకుండా సహజ గాలితో నడిచే కట్టడంలో గాలి తెరిపి నేల వైశాల్యంలో కనీసం 20–25 శాతం ఉండాలి. ఖర్చు తగ్గించడానికి ముందు కోసేది దాన్నే. పైగా సన్నటి పురుగు వల బిగిస్తే ఆ తెరిపి గుండా వచ్చే గాలి బాగా తగ్గుతుంది. కాబట్టి వల వేసే చోట తెరిపి ఇంకా పెంచాలి. పగటి వేడి 35 డిగ్రీలు దాటే రోజులు వరసగా వస్తే టమాటా, క్యాప్సికం పూత రాలిపోతుంది. కట్టడం చూడటానికి ఎండాకాలం మధ్యాహ్నం వెళ్లండి, లోపల అరగంట నిలబడండి.

రెండోది నులిపురుగు. ఒకే నేలలో ఏడాది పొడుగునా కీరా, టమాటా, క్యాప్సికం వేస్తుంటే వేళ్ల మీద బొడిపెలు పెట్టే నులిపురుగు రెండు మూడు పంటల్లోనే పేరుకుంటుంది. మొదటి పంట లాభం చూసి రెండో షెడ్డుకు అప్పు చేసినవాళ్లు మూడో పంటలో దీనికి చిక్కుతారు. మీ మట్టిలో ఇప్పటికే ఉందో లేదో మీరే చూడొచ్చు. పొలంలో పది చోట్ల వేరు లోతు మట్టి తెచ్చి కలిపి, నాలుగు కుండీల్లో నింపి, టమాటా మొక్కలు నాటండి. ఆరు వారాలకు పీకకుండా, కుండీతో సహా నీళ్లలో నానబెట్టి మెల్లగా వేళ్లు కడగండి. పూసల్లాంటి ముడులు కనిపిస్తే అక్కడ షెడ్డు కట్టే ముందు ఆలోచించాలి. మంచి ఎండల్లో నేలను బాగా తడిపి, పలుచటి పారదర్శకమైన పాలిథిన్ పరిచి, అంచులు మట్టిలో పూడ్చి, ఆరు వారాలు ఉంచితే పైపొరలో చాలావరకు చస్తాయి. నల్ల కవరు వేస్తే అంత వేడి లోపలికి దిగదు.

మూడోది పైకప్పు ఫిల్మ్. 200 మైక్రాన్ల మంచి ఫిల్మ్ కూడా కొన్నేళ్లకే మార్చాలి. దుమ్ము పట్టి, వెలుతురు తగ్గి, దిగుబడి పడిపోవడం అంతకన్నా ముందే మొదలవుతుంది. ఆ మార్పు ఖర్చును మొదటి ఏడాది నుంచే పక్కన పెట్టని లెక్క లెక్క కాదు.

ఇక "మేమే కొంటాం" అన్న మాట. కట్టడం అమ్మేవాడూ పంట కొనేవాడూ ఒకరే అయితే వాళ్ల లాభం కట్టడం అమ్మిన రోజే వచ్చేస్తుంది, మీది ఇంకా మొదలే కాదు. ఒప్పందంలో ఇవి రాతపూర్వకంగా ఉండాలి: మొదటి రకం అంటే పొడవెంత, బరువెంత, వంకర ఎంతవరకు ఒప్పుకుంటారు? తూకం ఎక్కడ, ఎవరి ముందు? సొమ్ము ఎన్ని రోజుల్లో? బజారు ధర పడిపోయినా కనీస ధర ఇస్తారా, ఎంత పరిమాణానికి? తిరస్కరించిన సరుకు బయట అమ్ముకునే హక్కు మీకుందా? వాళ్ల దగ్గర కట్టించుకున్నవారిలో కనీసం ముగ్గురిని, సంస్థ మనుషులు వెంట లేకుండా కలవండి. మూడో పంట అమ్మిన రసీదులు చూపించమనండి. మొదటి పంటవి కాదు, మూడోవి. చూపించగలిగినవాళ్లు ఒక్కరూ లేకపోతే మీ జవాబు అక్కడే ఉంది. మొక్కలో, జీవాలో అంటగట్టి తిరిగి కొంటామనే పథకాలన్నిటికీ ఇంకో పరీక్ష కూడా చాలు: ఆ సరుకును చివరికి తినే లేదా వాడే మనిషి ఎవరు? కొత్తగా చేరేవాళ్లకు పిల్లమొక్కలు, పిల్లజీవాలు అమ్మడం మీదే రాబడి నడుస్తుంటే అందులో వ్యవసాయం లేదు.

మిగతా దారులు

శుభ్రపరచడం, ఆరబెట్టడం, నిల్వ చేయడం గురించి మీరు అడగలేదు. నాలుగెకరాలకు ఒక్క బోరున్న చోట నీళ్లు అడగని ఈ వ్యాపారాలు చూసుకోవాలి. ధాన్యం ఆరబెట్టే యంత్రం పెడితే ముందు ఒక లెక్క నేర్చుకోండి. 20 శాతం తేమ ఉన్న 1,000 కిలోలను 12 శాతానికి దించితే 920 కిలోలు మిగలవు. గట్టి పదార్థం 800 కిలోలు, అది 88 శాతం కావాలి, కాబట్టి మిగిలేది 909. ఆ 11 కిలోల తేడా ప్రతి టన్నుకూ మీ జేబులోంచి పోతుంది. తేమ కొలిచే మీటరు లేకుండా ఈ పని మొదలుపెట్టకండి.

శీతల గిడ్డంగి మాత్రం చిన్నగా మొదలుపెట్టి నేర్చుకునే పని కాదు. ఒక గదిలో అన్నీ పెట్టడం కుదరదు. పచ్చి టమాటా 10 డిగ్రీల లోపు పెడితే తర్వాత సరిగ్గా పండదు. అరటి 13 లోపు పెడితే తొక్క నల్లబడుతుంది. ఆపిల్ వదిలే ఇథిలీన్ వాయువుకు పక్కనున్న ఆకుకూరలు పసుపుబారుతాయి. ఏ సరుకు, ఎవరిది, ఏడాదిలో ఎన్ని నెలలు అని చేతిలో ఒప్పందాలున్నప్పుడే దాని గురించి ఆలోచించండి.

పండ్ల తోట మంచి ఆస్తి, కానీ మీ నీటి లెక్క, మీటరు గుంట ఒప్పుకున్న విస్తీర్ణంలోనే వేయాలి. కాపు వచ్చేదాకా వరసల మధ్య అంతర పంట ఉండాలి. ఆయిల్ పామ్ ఆలోచన వస్తే మిల్లు ఎంత దూరమో ముందు చూడండి. కోసిన గెలలను 24 గంటల్లో మిల్లుకు చేర్చాలి. లేకపోతే కొవ్వు ఆమ్లాలు పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది. పాడి గురించి ఒక్క మాట: ఎద లక్షణాలు రోజుకు మూడు పూటలు గమనించే మనిషి ఉంటేనే. ఒక ఎద తప్పితే 21 రోజుల మేత ఖర్చు పాల లెక్కలో కలవకుండా పోతుంది.

లెక్క వేసే పద్ధతి

ఏ పథకానికైనా సంస్థ ఇచ్చిన అంకెలు పక్కన పెట్టి, మీ పావు ఎకరం పుస్తకంలోని అంకెలతో ఒక కాగితం రాయండి. మొత్తం ఖర్చును అమ్ముడుపోయే దిగుబడితో భాగిస్తే కిలోకు గిట్టుబాటు ధర వస్తుంది. ఖర్చులో మీ కుటుంబ సభ్యుల కూలి, కట్టడం అరుగుదల, పెట్టుబడి మీద వడ్డీ ఉండాలి. ఆ ధరను గత ఐదేళ్ల వారం వారం బజారు ధరల పక్కన పెట్టి, ఎన్ని వారాలు బజారు దాని కన్నా కింద ఉందో లెక్కపెట్టండి. సగటు ధర చూస్తే మోసపోతారు. కూరగాయల ధరలు గిరగిరా తిరుగుతుంటాయి: ధర పెరిగిన ఏడాది అందరూ అదే నాటుతారు, పంట ఒకేసారి వచ్చి ధర కూలుతుంది, మరుసటి ఏడాది అందరూ మానేస్తారు. ధరలు ఇలా ఊగే తీరుకు ఆర్థికవేత్త నికొలస్ కాల్డార్ 1934లో సాలెగూడు అని పేరు పెట్టాడు. పాఠ్యపుస్తకాల్లో అది ఇప్పటికీ ఉంది, పొలాల్లోనూ ఉంది.

తర్వాత అదే కాగితం మీద దిగుబడి 20 శాతం, ధర 30 శాతం ఒకేసారి తగ్గించి మళ్లీ లెక్కించండి. రాబడి 56 శాతానికి పడిపోతుంది. అప్పు వాయిదాలు అప్పుడు కూడా కట్టగలిగితే ఆ పథకం మీకు మోయదగ్గది. దాంతోపాటు రెండు పంటల నిర్వహణ ఖర్చు, ఏడాది ఇంటి ఖర్చు విడిగా ఉండాలి. కట్టడానికే ఉన్నదంతా పోసి, విత్తనానికీ కూలీకీ అప్పు తెచ్చుకున్న షెడ్డు మొదటి తెగులుకే కూలుతుంది.

కౌలుదారును మొత్తం ఖాళీ చేయించకండి. ఎకరం మీ దగ్గర పెట్టుకుని మూడెకరాలు ఆయన దగ్గరే ఉంచండి. ఆ పొలంలో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ నెలలో బోరు సన్నబడుతుందో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఈ ఎండాకాలంలో డ్రమ్ము నిండే సెకన్లు, నీటి ఈసీ, నాలుగు కుండీల వేళ్లు, ఈ మూడూ చూసి మళ్లీ రాయండి. పాలీహౌస్ అరెకరమా, పావెకరమా, అసలు వద్దా అన్నది అప్పుడు మీ అంకెల మీదే తేల్చుకుందాం.